బూడిద సిమెంటుతో కట్టిన మిద్దె నిలుస్తుందా?



ఈ సంచిక పాఠానికి సిమెంటు, బూడిద అనే విషయాన్ని తీసుకున్నాను. కారణాలు రెండు. మన పిల్లల్లో సివిల్ డిప్లొమా, బి.ఇ. చదివేవారికి "కాంక్రీటులో ఫ్లై యాష్ వాడకం" అన్నది పరీక్షలోనూ ప్రాజెక్టులోనూ తప్పక ఎదురయ్యే అంశం. ఇక తల్లిదండ్రుల్లో ఇల్లు కట్టుకుంటున్నవారు అడిగే ప్రశ్న ఒకటుంది. "పి.పి.సి. అంటే బూడిద కలిపిన సిమెంటట కదా, దానితో మిద్దె వేస్తే నిలుస్తుందా? 53 గ్రేడే కొనాలా?" అని.

నేను ఇంజనీరును కాను. వాణిజ్యశాస్త్రం చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. గృహ ఋణాల ఫైళ్లు చాలా చూశాను. ప్రతి ఫైలులోనూ సిమెంటు బిల్లు, ఇనుము బిల్లు ఉండేవి. క్యూరింగ్ కోసం కొన్న నీళ్ల ట్యాంకరు బిల్లు మాత్రం ఎప్పుడో గాని కనిపించేది కాదు. ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి అక్కడే ఉంది. భారత ప్రమాణాల సంస్థ వారి పుస్తకాలు చదివి, నాకు అర్థమైనంతలో, లెక్కలతో సహా చెబుతాను.

ముందుగా జవాబు: ప్రమాణాల ప్రకారం తయారైన బూడిద సిమెంటు బలహీనమైనది కాదు. అయితే దాని బలం నెమ్మదిగా వస్తుంది, అలా వచ్చే కాలమంతా దానికి నీరు కావాలి. బళ్లారి ఎండలో ఆ నీరు అందకపోతే తప్పు బూడిదది కాదు, మనది. ఇది ఎందుకో వరుసగా చూద్దాం.

1. ఈ బూడిద ఎక్కడిది?

బళ్లారి నుంచి హొసపేటకు వెళ్లే దారిలో కుడితిని దగ్గర కర్ణాటక పవర్ కార్పొరేషన్ వారి బళ్లారి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1700 మెగావాట్లు. రాయచూరు దగ్గర శక్తినగర్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో కడప జిల్లా ముద్దనూరు దగ్గర, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోనూ, తెలంగాణలో రామగుండంలోనూ ఇలాంటి కేంద్రాలే ఉన్నాయి.

ఇక్కడ బొగ్గును పిండిలా విసిరి కొలిమిలోకి ఊదుతారు. అది గాలిలోనే మండిపోతుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, సాధారణంగా 30 నుంచి 45 శాతం. 35 శాతం అనుకుంటే 100 టన్నుల బొగ్గుకు 35 టన్నుల బూడిద. అందులో దాదాపు ఐదో వంతు బరువెక్కి కొలిమి అడుగున పడుతుంది. దాన్ని అడుగు బూడిద అంటారు. మిగిలిన ఐదింట నాలుగు వంతులు, అంటే 28 టన్నులు, పొగతో కలిసి పైకి ఎగురుతుంది. పొగగొట్టం చేరకముందే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అనే యంత్రం విద్యుదాకర్షణతో ఆ ధూళిని పట్టి కింది తొట్లలో రాలుస్తుంది. పొగతో ఎగిరి వచ్చేది కాబట్టి దీనికి ఫ్లై యాష్ అని పేరు.

దేశం మొత్తం లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 1996-97లో దాదాపు 6.9 కోట్ల టన్నుల ఫ్లై యాష్ వస్తే, అందులో వాడుకున్నది 10 శాతం కూడా లేదు. మిగిలినదంతా నీళ్లతో కలిపి బూడిద చెరువుల్లోకి పంపారు. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఫ్లై యాష్ వాడకంపై మొదటి ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత దాన్ని పలుమార్లు సవరించారు. 2020-21 నాటికి 23 కోట్ల టన్నులకు పైగా రాగా, 92 శాతం దాకా వాడకంలోకి వచ్చింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు నూటికి నూరు శాతం వాడాలని గడువులు పెట్టి, వాడని కేంద్రాలపై జరిమానా విధించింది. వాడకంలో పెద్ద వాటా సిమెంటు కర్మాగారాలదే. అందుకే ఈనాడు అంగట్లో పి.పి.సి. ఇంత విరివిగా దొరుకుతోంది.

2. అన్ని బూడిదలూ ఒకటి కావు

కన్నడంలో బూది అన్నా తెలుగులో బూడిద అన్నా మాట దగ్గరిదే. కాని సరుకు వేరు వేరు. సంగనకల్లు పిల్లలకు ఇది చెప్పడం తేలిక. మన సన్నరాచమ్మ గుట్ట, హిరేగుడ్డ నవీన శిలాయుగపు మానవులు నివసించిన చోట్లు. ఆ కాలపు పశుపాలకులు పేడను కుప్పలు పోసి కాల్చగా ఏర్పడిన బూడిద దిబ్బలు బళ్లారి చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కుడితిని దగ్గరిది వాటిలో బాగా పేరున్నది. తెలంగాణలో ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి, ఇవి పశువుల దొడ్లు ఉండిన చోట్లని వివరించారు. అంటే కుడితినిలో వేల ఏళ్ల నాటి బూడిదా ఉంది, ఈ ఉదయం విద్యుత్ కేంద్రంలో రాలిన బూడిదా ఉంది.

రెండింటికీ పోలిక పేరులోనే. దిబ్బల్లోది పేడ బూడిద. అది మన చరిత్రకు సాక్ష్యం, దాన్ని తవ్వకూడదు. సిమెంటు పనికీ రాదు. పొయ్యి బూడిదలో పొటాష్, సున్నం పాలు ఎక్కువ, అదీ పనికిరాదు. ఇటుక బట్టీ బూడిద, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల దుమ్ము, బూడిద చెరువులో నానిన ముద్ద, వీటిలో దేన్నీ "బూడిదే కదా" అని మిద్దె కాంక్రీటులో కలపకూడదు.

ఫ్లై యాష్ ప్రత్యేకత ఏమిటంటే, కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి బొగ్గులోని మట్టి కరిగి, గాలిలో ఎగురుతూనే చప్పున చల్లారి, గాజు గోళీల్లాంటి సన్నని గుండ్రని రేణువులుగా మారుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే గోళీలను కుప్ప పోసినట్టే కనిపిస్తుంది. ఈ గాజులో సిలికా, అల్యూమినా ఉంటాయి. ఐ.ఎస్. 3812 మొదటి భాగం దీనికి పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి మూడు గుర్తుంచుకోండి.

సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ మూడూ కలిపి కనీసం 70 శాతం ఉండాలి. ఇది మన దేశపు బొగ్గు నుంచి ఎక్కువగా వచ్చే రకానికి.

మెత్తదనం కిలోకు కనీసం 320 చదరపు మీటర్ల ఉపరితలం ఉండాలి.

కాల్చితే తగ్గే బరువు 5 శాతానికి మించకూడదు. ఎక్కువ తగ్గిందంటే కాలని బొగ్గు మిగిలిందని అర్థం.

3. కాంక్రీటు లోపల ఏం జరుగుతుంది?

సిమెంటుకు నీరు తగిలితే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్. ఇది జిగురు లాంటిది, కంకరనూ ఇసుకనూ పట్టి ఉంచే బలం దీనిదే. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం. ఇది గట్టిపడిన సిమెంటు ముద్దలో నాలుగో వంతు దాకా ఉంటుంది. బలానికి పెద్దగా సాయపడదు. పైగా నీటిలో కరిగి బయటికి వస్తుంది. పాత స్లాబుల కింద, నీటి తొట్ల గోడల మీద తెల్లటి చారలు చూసి ఉంటారు. అవి ఈ సున్నం బయటికి వచ్చినందువల్ల ఏర్పడినవే.

ఫ్లై యాష్ చేసే పని ఇక్కడ మొదలవుతుంది. దానిలోని గాజు సిలికా, నీటి సమక్షంలో, ఈ ఖాళీగా ఉన్న సున్నంతో కలిసి మళ్లీ అదే జిగురును తయారు చేస్తుంది. దీన్ని పోజోలానిక్ చర్య అంటారు. ఇటలీలో నేపుల్స్ దగ్గర పొజువోలి అనే ఊరి అగ్నిపర్వత ధూళిని రోమన్లు సున్నంలో కలిపి కట్టేవారు, ఆ ఊరి పేరు మీదనే ఈ మాట వచ్చింది.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, మిగిలిపోయిన సున్నం కరెంటు ఖాతాలో వడ్డీ లేకుండా పడి ఉన్న సొమ్ము. ఫ్లై యాష్ దాన్ని ఫిక్సెడ్ డిపాజిట్‌లోకి మారుస్తుంది. వడ్డీ వస్తుంది, కాని గడువు తీరాకే. మధ్యలో నీళ్లు ఆపేయడం అంటే గడువుకు ముందే డిపాజిట్ తీసేయడం. అసలు చేతికి రావచ్చు గాని, ఆశించిన వడ్డీ రాదు.

దీనివల్ల లాభాలు ఇవి. జిగురు పెరిగి లోపలి సన్నని రంధ్రాలు మూసుకుంటాయి కనుక నీరు లోనికి ఇంకడం తగ్గుతుంది. తుంగభద్ర కాలువల కింద చౌడు పట్టిన నేలల్లో సల్ఫేటు లవణాలు పునాదిని తినేస్తుంటాయి, ఫ్లై యాష్ కాంక్రీటు వాటిని బాగా తట్టుకుంటుంది. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి తక్కువ, కాబట్టి మందపు పునాదుల్లో, ఆనకట్టల్లో వేడి వల్ల వచ్చే పగుళ్లు తగ్గుతాయి. రేణువులు గుండ్రంగా ఉండటం వల్ల మాలు సులువుగా జారుతుంది, నీరు తక్కువ పోసినా పని సాగుతుంది.

నష్టం వైపు కూడా రాయకపోతే ఖాతా సరిగా ఉండదు. తొలి రోజుల బలం తక్కువ. ఐ.ఎస్. 1489 ప్రకారం పి.పి.సి.కి కనీస బలం 3 రోజులకు 16, 7 రోజులకు 22, 28 రోజులకు 33 మెగాపాస్కల్స్. 53 గ్రేడు సిమెంటుకు ఇవే గడువుల్లో 27, 37, 53. ఇవి కనీస హద్దులు, మంచి కంపెనీల పి.పి.సి. వీటికంటే చాలా పైనే ఉంటుంది. అయినా మూడో రోజు తేడా మాత్రం నిజమే. 28 రోజుల తర్వాత 53 గ్రేడు బలం అంతగా పెరగదు, పి.పి.సి. బలం నీరు అందితే నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది.

ఇంకొక సంగతి. కాంక్రీటులోని సున్నమే లోపలి కమ్మీలను తుప్పు పట్టకుండా కాపాడేది. ఫ్లై యాష్ ఆ సున్నంలో కొంత వాడుకుంటుంది. బాగా నీళ్లు పట్టిన కాంక్రీటు గట్టిగా, రంధ్రాలు లేకుండా ఉంటుంది కనుక గాలి లోపలికి పోదు, కమ్మీకి భయం లేదు. నీళ్లు సరిగా పట్టకపోతే రెండు విధాలా నష్టం. రంధ్రాలు మూసుకోవు, ఉన్న సున్నమూ తక్కువే. అందువల్ల బూడిద సిమెంటు విషయంలో క్యూరింగ్ అశ్రద్ధకు శిక్ష ఎక్కువ.

4. ఇది కొత్త ప్రయోగం కాదు

సిమెంటు రాకముందు మన మేస్త్రీలు గానుగ సున్నంలో మెత్తగా దంచిన ఇటుక పొడి కలిపేవారు. దానినే సుర్కీ అంటారు. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి గట్టిపడటం, ఇప్పుడు మనం చదివిన చర్యే. దీనికి మన ఇంటి ముందరి సాక్ష్యం తుంగభద్ర ఆనకట్ట. 1945లో పునాది వేసి, 1953లో నీళ్లు వదిలిన ఆ రాతి ఆనకట్ట కట్టుబడిలో సుర్కీ వాడారు. బళ్లారి జిల్లా, రాయలసీమ పొలాలకు అది ఏడు దశాబ్దాలుగా నీరు ఇస్తోంది.

సరిగ్గా అదే కాలంలో, 1948-53 మధ్య, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో హంగ్రీ హార్స్ ఆనకట్ట కట్టారు. అక్కడ సిమెంటులో కొంత తగ్గించి లక్ష టన్నులకు పైగా ఫ్లై యాష్ వాడారు. అంతకుముందు 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిస్ బృందం చేసిన పరీక్షలు ఈ పనికి పునాది. ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్ ఆనకట్ట మన దేశంలో ఫ్లై యాష్ వాడిన తొలి పెద్ద కట్టడాల్లో ఒకటి. మనవాళ్లు ఎందరో పనికి వెళ్లే దుబాయిలో 2010లో ప్రారంభమైన బుర్జ్ ఖలీఫా పునాది స్తంభాల కాంక్రీటులో కూడా బైండరులో నాలుగో వంతు ఫ్లై యాష్ ఉంది. అక్కడి భూగర్భ జలంలో ఉప్పు ఎక్కువ, దాన్ని తట్టుకోవడానికే ఈ ఏర్పాటు.

కాబట్టి "బూడిద కలిపారు, కల్తీ చేశారు" అనే మాటను ఇక వదిలేద్దాం. కర్మాగారంలో లెక్క ప్రకారం కలిపి, పరీక్షించి, ముద్ర వేసి అమ్మేది పి.పి.సి. గోదాములో కుట్లు విప్పి బూడిద పోసి మళ్లీ కుట్టేది కల్తీ. రెండూ వేరు.

5. ఒక లెక్క చేద్దాం

సిమెంటు, ఫ్లై యాష్ విడివిడిగా తెచ్చి కలిపేది రెడీమిక్స్ కేంద్రాల్లో, పెద్ద పనుల్లో. అక్కడ లెక్క ఎలా వేస్తారో చూడండి. ఒక ఘనమీటరు కాంక్రీటుకు సాధారణ సిమెంటు 340 కిలోలు, నీరు 170 లీటర్లు అనుకుందాం.

మొదటి మెట్టు: ఫ్లై యాష్ వాడేటప్పుడు బైండరు మొత్తాన్ని 10 శాతం పెంచడం ఐ.ఎస్. 10262 ఉదాహరణల్లో చూపిన పద్ధతి. 340 × 1.10 = 374 కిలోలు.

రెండో మెట్టు: అందులో 30 శాతం ఫ్లై యాష్. 374 × 0.30 = 112 కిలోలు. సిమెంటు 374 – 112 = 262 కిలోలు. ఆదా అయిన సిమెంటు 340 – 262 = 78 కిలోలు, అంటే ఒకటిన్నర బస్తాకు పైగా.

మూడో మెట్టు: ఘనపరిమాణం సరిచూడాలి. చాలామంది విద్యార్థులు ఈ మెట్టు దాటేస్తారు. సిమెంటు సాపేక్ష సాంద్రత 3.15, ఫ్లై యాష్‌ది సుమారు 2.2. మొదట 340 కిలోల సిమెంటు ఆక్రమించిన చోటు 340 ÷ 3.15 = 108 లీటర్లు. ఇప్పుడు సిమెంటు 262 ÷ 3.15 = 83 లీటర్లు, ఫ్లై యాష్ 112 ÷ 2.2 = 51 లీటర్లు, మొత్తం 134 లీటర్లు. అంటే 26 లీటర్లు పెరిగింది. ఆ మేరకు ఇసుక తగ్గించాలి. ఇసుక సాంద్రత 2.65 అనుకుంటే 26 × 2.65 = 69 కిలోల ఇసుక తగ్గుతుంది.

నాలుగో మెట్టు: నీరు, బైండరు నిష్పత్తి 170 ÷ 374 = 0.45. మొదట 170 ÷ 340 = 0.50 ఉండేది. నిష్పత్తి తగ్గడం బలానికి మంచిది.

ఐదో మెట్టు: పర్యావరణ పద్దు. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చి క్లింకర్ చేసేటప్పుడు, టన్నుకు సుమారు 0.8 నుంచి 0.9 టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. 78 కిలోల సిమెంటు ఆదా అంటే ఘనమీటరుకు 60 కిలోలకు పైగా ఆ వాయువు తగ్గినట్టే.

30 శాతం ఎందుకు, 60 ఎందుకు కాదు అని అడగవచ్చు. ఐ.ఎస్. 456:2000 ప్రకారం కాంక్రీటులోని కనీస సిమెంటు లెక్కలో ఫ్లై యాష్‌ను కూడా కలుపుకోవచ్చు, కాని పి.పి.సి.కి ఐ.ఎస్. 1489 పెట్టిన పరిమితి దాటకూడదు. ఆ పరిమితి 15 నుంచి 35 శాతం.

6. బళ్లారి ఎండ, మిద్దె నీళ్లు

ఇప్పుడు తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవవలసిన భాగం. ఐ.ఎస్. 456 క్యూరింగ్‌కు కనీసం ఇన్ని రోజులని చెప్పింది:

మామూలు వాతావరణంలో సాధారణ సిమెంటుకు 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు.

ఎండ, పొడిగాలి ఉన్న చోట సాధారణ సిమెంటుకు 10 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 14 రోజులు.

మార్చి నుంచి జూన్ దాకా మన బళ్లారి రెండో వరుసలోకే వస్తుంది. కాని మన పల్లెల్లో మోల్డింగ్ వేసిన వారం రోజులకే నీళ్లు ఆపేయడం అలవాటు. 53 గ్రేడు రోజుల్లో పడిన అలవాటు అది. సిమెంటు మారింది, అలవాటు మారలేదు. "బూడిద సిమెంటు బలం లేదు" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఈ ఏడు రోజుల తేడా ఉంటుంది.

ఆ ఏడు రోజుల ఖర్చెంతో చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. గట్లు కట్టి రెండున్నర సెంటీమీటర్ల లోతు నీరు నిలపాలంటే 93 × 0.025 = 2.3 ఘనమీటర్లు, అంటే 2,300 లీటర్లు. ఎండకు రోజుకు ఒక సెంటీమీటరు తగ్గుతుందనుకుంటే, రోజూ 930 లీటర్లు మళ్లీ నింపాలి. అదనపు ఏడు రోజులకు సుమారు 6,500 లీటర్లు. ఒకటి రెండు ట్రాక్టరు ట్యాంకర్ల నీళ్లు. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టే ఇంటికి ఇది పెద్ద ఖర్చు కాదు. నీళ్లు దొరకని రోజుల్లో గోనె పట్టాలు పరిచి తడిపి, వాటి మీద ప్లాస్టిక్ షీటు కప్పితే నీరు చాలా మిగులుతుంది. పిల్లర్లకు తడి గోనె చుట్టాలి. పైన చెంబుతో నీళ్లు చల్లి వెళ్లిపోతే పది నిమిషాల్లో ఆరిపోతుంది, అది క్యూరింగ్ కాదు.

బూడిద సిమెంటు కాంక్రీటు మీద నీరు తక్కువగా తేలుతుంది. అందువల్ల వేడి గాలిలో మోల్డింగ్ వేసిన మొదటి గంటల్లోనే పైపొర ఎండి సన్నని పగుళ్లు రావచ్చు. వీలైతే సాయంత్రం పని పెట్టుకోండి. నునుపు చేయడం అయిన వెంటనే షీటు కప్పండి.

సెంట్రింగ్ విషయం. కాంట్రాక్టరు రేకులకూ కట్టెలకూ రోజు అద్దె కడతాడు, అందుకే త్వరగా విప్పాలని చూస్తాడు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు పోటు కట్టెలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్ల దాకా బీములకు 14 రోజులు ఉంచాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. ఇవి సాధారణ సిమెంటుకు చెప్పిన గడువులు. పి.పి.సి. అయితే ఇంజనీరును అడిగి పెంచాలి. ఈ అదనపు అద్దె ఎవరు భరించాలో మోల్డింగ్‌కు ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. తర్వాత గొడవ ఉండదు.

7. కొనేటప్పుడు చూడవలసినవి

బస్తా మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, ఐ.ఎస్. 1489 మొదటి భాగం అనే అంకె, తయారైన వారం, సంవత్సరం చూడండి. చాలా బస్తాల మీద బూడిద శాతం కూడా ముద్రించి ఉంటుంది. కుట్లు చెదిరి ఉంటే, మూడు నెలలకు పైబడిన సరుకైతే తీసుకోవద్దు.

పి.పి.సి. తెచ్చి, అందులో మళ్లీ ఎవరో ఇచ్చిన ఫ్లై యాష్ కలపవద్దు. లెక్క చూడండి. 30 శాతం బూడిద ఉన్న 50 కిలోల బస్తాలో 15 కిలోలు బూడిదే. ఇంకో 10 కిలోలు కలిపితే 60 కిలోలకు 25 కిలోలు, అంటే 42 శాతం. పరిమితి దాటిపోయింది. పైగా ఆ పది కిలోలను ఎవరూ పరీక్షించలేదు.

మన తోరణగల్లులో ఉక్కు కర్మాగారం ఉండటం వల్ల స్లాగ్ సిమెంటు కూడా ఇక్కడ దొరుకుతుంది. అది ఇనుము కరిగించే కొలిమి చిట్టెంతో చేసింది, దాని ప్రమాణం ఐ.ఎస్. 455. దానికీ నెమ్మదిగా బలం వస్తుంది, దానికీ 14 రోజుల మాటే వర్తిస్తుంది.

8. విద్యార్థులకు

ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకుంటే మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది. చాలా రిపోర్టులు 7, 28 రోజుల పరీక్షలతో ఆగిపోతాయి. ఫ్లై యాష్ పని ఎక్కువగా కనిపించేది 28 తర్వాతే. 0, 20, 30 శాతాలతో 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి, 7, 28, 56, 90 రోజులకు పరీక్షించండి. ఒక్కో గడువుకు మూడు ఘనాల సగటు తీయండి. అంతేకాదు, సగం ఘనాలను తొట్టి నీటిలో 28 రోజులు ఉంచండి, మిగతా సగాన్ని 7 రోజుల తర్వాత తీసి మన ఊరి ఎండలో పెట్టండి. రెండింటి తేడా గ్రాఫు గీయండి. ప్రయోగశాల ఫలితానికీ సంగనకల్లు మిద్దెకూ మధ్య ఉన్న దూరం ఆ గ్రాఫులో కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచో దింపుకున్న రిపోర్టు కంటే వంద రెట్లు విలువైనది. ఇంటర్వ్యూలో అడిగితే ధైర్యంగా చెప్పగలరు.

ముందు చూపు కూడా ఉండాలి. బొగ్గు విద్యుత్తు ఎప్పటికీ ఇలాగే ఉండదు, అప్పుడు ఫ్లై యాష్ తగ్గుతుంది. దానికి బదులుగా కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన సిమెంటుకు 2023లో ఐ.ఎస్. 18189 అనే ప్రమాణం వచ్చింది. కాల్చిన మట్టి అంటే ఏమిటో మీకు ఇప్పటికే తెలుసు. తుంగభద్రలో వాడిన సుర్కీకి అది దగ్గరి చుట్టమే. కాబట్టి పోజోలానిక్ చర్యను బట్టీ పట్టకుండా అర్థం చేసుకున్నవారికి రెడీమిక్స్ కేంద్రాల్లో, సిమెంటు కర్మాగారాల నాణ్యతా విభాగాల్లో, పరీక్షా కేంద్రాల్లో ఇప్పుడూ పని ఉంటుంది, ఆ తర్వాతా ఉంటుంది.

అభ్యాసం

1. ఘనమీటరుకు 360 కిలోల బైండరులో 25 శాతం ఫ్లై యాష్ అయితే సిమెంటు ఎంత, ఫ్లై యాష్ ఎంత?

2. పై లెక్కలో, పూర్తిగా సిమెంటు వాడిన దానికంటే ఎన్ని లీటర్ల ఘనపరిమాణం పెరుగుతుంది?

3. పి.పి.సి. కనీస బలంలో 3వ రోజుకు, 7వ రోజుకు 28 రోజుల బలంలో ఎంత శాతం రావాలి?

4. 1,200 చదరపు అడుగుల మిద్దె మీద రెండున్నర సెంటీమీటర్ల నీరు నిలపడానికి ఎన్ని లీటర్లు కావాలి?

5. మీ వీధిలో ఇల్లు కడుతున్న ఒకరిని అడిగి, ఏ సిమెంటు వాడారో, ఎన్ని రోజులు నీళ్లు పట్టారో నోటు పుస్తకంలో రాయండి. అది సరిపోతుందా? కారణం చెప్పండి.

జవాబులు: 1) సిమెంటు 270 కిలోలు, ఫ్లై యాష్ 90 కిలోలు. 2) 90 ÷ 2.2 = 40.9, 90 ÷ 3.15 = 28.6, తేడా సుమారు 12 లీటర్లు. 3) 48 శాతం, 67 శాతం. 4) సుమారు 2,790 లీటర్లు. 5వ ప్రశ్నకు జవాబు మీ వీధిలోనే దొరుకుతుంది. ఆ ఇంటికి ఇంకా పద్నాలుగు రోజులు నిండకపోతే, నీళ్లు ఆపవద్దని ఆ ఇంటివారికి వెంటనే చెప్పి రండి.